గ్రామ పంచాయతీలు - రాజ్యాంగము

రాజ్యాంగములోని రెండు మాటలను గూర్చి నేను ముచ్చటింపదలచితిని. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ, పంచాయతీల అయిదేండ్ల గడువు ముగియకమునుపే ఎన్నికలు పూర్తి కావలెనని శాసించినది. అధికారముల విషయమున మాత్రము, రాష్ట్ర శాసనసభ వానిని “ఇయ్యవచ్చును” అని ఊరకున్నది. త్రాగునీరు, చిన్ననీటి వనరులు, ప్రాథమిక విద్య మొదలుగా పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములును ఈ “వచ్చును” మీదనే వ్రేలాడుచున్నవి. ఇచ్చుటయు మానుటయు రాష్ట్రముల చిత్తము.

పోనిండు, “వలెను” అన్నచోట నైనను జరిగినదేమి? ఆంధ్రప్రదేశమున 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి వరకు ఎన్నికలు లేవు. అన్నాళ్లును ప్రత్యేకాధికారులే పాలించిరి. వారు పై అధికారులకు జవాబుదారులే గాని, రచ్చబండకడ నిలదీసిన రైతునకు కారు.

ఇక మన వంతు. వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే. వేరుగా పిలుపు అక్కరలేదు. పంచాయతీ వార్షిక లెక్కలను, ఆడిటు నివేదికను ఆ సభ ముందుంచవలెనని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. ఆంధ్రదేశపు గ్రామవాసులారా, రాబోవు సభలో ఆ లెక్కలను పైకి చదివింపుడు. చెరువుగట్టు మరమ్మతునకు ఎంత వ్రాసిరో వినుడు.