వార్ధక్యంలో విటమిన్ మాత్రలు



గ్రేటర్ నోయిడాలో స్థిరపడిన తెలుగు ఉద్యోగుల ఇళ్ళలో, గుంటూరు నుండో కరీంనగర్ నుండో వచ్చి పిల్లల వద్ద ఉంటున్న పెద్దలు కనిపిస్తారు. శీతకాలపు పొగమంచులో పై అంతస్తు నుండి దిగివచ్చేందుకు వారికి మనసొప్పదు. మూసిన అద్దాల కిటికీ వద్ద ఎండకు కూర్చుంటారు. వెచ్చదనం అందుతుంది గాని డి విటమిన్ అందదు. దానిని చర్మంలో పుట్టించే కిరణాలను గాజు అడ్డగిస్తుంది. పైగా వార్ధక్యంలో చర్మానికి ఆ ఉత్పాదక శక్తి యౌవనంలోని దానిలో సగానికన్న తగ్గిపోవచ్చు. మాత్రగా మింగిన డి విటమిన్‌ను సైతం కాలేయమూ, ఆపైన మూత్రపిండాలూ మార్చి ఇస్తేనే శరీరానికి ఉపయోగం. వయసుతో మూత్రపిండాల శక్తీ సన్నగిల్లుతుంది.

బి12 సంగతి వేరు. పాలు, గుడ్లు, మాంసాలలో ఈ విటమిన్ మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం దానిని విడదీయాలి. వృద్ధులలో పలువురికి ఆ ఆమ్లం తగ్గుతుంది. కనుక రోజూ పెరుగన్నం తిన్నా లోపం ఏర్పడవచ్చు. మాత్రలోని బి12కు ఆ బంధం లేదు. అందుకే అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, యాభై ఏళ్ళు దాటినవారు బి12ను ప్రధానంగా మాత్రల ద్వారా గాని, దానిని కలిపిన ఆహారం ద్వారా గాని పొందాలని 1998లో సూచించింది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో ఈ లోపానికి అవకాశం మరింత ఎక్కువ.

ఇక ఫోలిక్ ఆమ్లంతో తెలుగువారికి ప్రత్యేక సంబంధం ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సహచరులతో కలిసి 1945లో దానిని సంశ్లేషించారు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ వ్యాధికే ఈ ఔషధం అక్కరకు వచ్చింది. బి12ను శాస్త్రజ్ఞులు వేరుచేసినది 1948లో. సుబ్బారావు మరణించినదీ ఆ ఏడే.

ఈ రెండింటి మధ్య ఒక చిక్కు ఉన్నది. బి12 లోపంవల్ల కలిగిన రక్తహీనతను ఫోలిక్ ఆమ్లం సరిదిద్దుతుంది. నరాలకు కలిగే హానిని మాత్రం ఆపలేదు. రక్తం బాగున్నట్లే కనిపిస్తుంది. పాదాల తిమ్మిరి, నడకలో తడబాటు, మతిమరపు పెరుగుతూనే ఉంటాయి. వీటన్నిటినీ వయసు ఖాతాలో వేయడం మన ఇళ్ళలో పాతుకుపోయిన అలవాటు. ఆలస్యమైతే ఆ హాని పూర్తిగా తొలగకపోవచ్చు. అందువల్ల వృద్ధులకు ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టే ముందే వైద్యుని సలహాపై బి12 పరీక్ష చేయించాలి.

కొడుకు ఒక డబ్బా, కూతురు మరొక డబ్బా ప్రేమతో తెస్తారు. రెంటిలోనూ ఎ విటమిన్ ఉండవచ్చు. ముసలి శరీరం దానిని రక్తం నుండి నెమ్మదిగా తొలగిస్తుంది, మితిమీరితే కాలేయానికి చేటు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఆ డబ్బాలన్నిటినీ వెంట తీసుకుపోవాలి.