మన సారే గదా!

(జనవరి 3, సావిత్రిబాయి ఫూలే జయంతి నాడు ఒక సాంఘిక సంక్షేమ హాస్టల్లో హైస్కూలు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



నన్ను గురువుల గొప్పతనం మీద మాట్లాడమన్నారు. గురువు అనంగనే మనకు ద్రోణుణ్ణి చూపిస్తరు. పాఠం చెప్పకుండనే ఏకలవ్యుని బొటనవేలు అడిగినోడు. అసుంటి గౌరవం నాకొద్దు, మీరూ ఎవరికీ ఇయ్యొద్దు. మన గురువు సావిత్రిబాయి. పెళ్లి నాటికి ఆమెకు అక్షరం రాదు. జోతిబా దగ్గర నేర్చుకున్నది. 1848లో పుణెలో ఆడపిల్లల బడి పెట్టి పంతులమ్మ అయ్యింది. దారిలో పేడ, బురద విసిరితే, బళ్లో మార్చుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకపోయింది. ఆయన వేలు తీసుకున్నడు, ఈమె పేడ దెబ్బలు తిన్నది. గౌరవం ఎవరికియ్యాల్నో మీరే చెప్పండి.

ఇక నా సంగతి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాయన వేలిముద్ర వేసి నన్ను బళ్లో చేర్పించిండు. ఉద్యోగం వచ్చి మొదటి ఊరికి పోయిన. పగలు 'సార్' అన్న పిల్లలే, సాయంత్రం వాళ్ల నాయన నన్ను 'ఒరే' అని పిలుస్తుంటే పక్కన నిలబడి చూసిండ్రు. తెల్లారి నాకు నమస్తే పెట్టలేదు. అది పిల్లల తప్పు కాదు, ఊరు నేర్పిన పాఠం. దాంతోని కొట్లాడిన, ఇంకా కొట్లాడుత.

కాని ఈరోజు మనోళ్ల సంగతి చెప్పొచ్చిన. బాధయినా వినాలె. నేను బెత్తం పట్టను. చిన్నప్పుడు తిన్న దెబ్బలు చాలు. పిల్లల్ని కొట్టొద్దని, మనసు నొప్పించొద్దని 2009 విద్యాహక్కు చట్టం కూడా చెప్పింది. అయితే ఏం జరుగుతున్నది? బెత్తం పట్టే సారు లెక్కలిస్తే అర్ధరాత్రి దాక కూచుని చేస్తరు. నేనిచ్చిన పాఠం అడిగితే నవ్వుతరు. పోయినేడు ఒక పిల్లగాడు పక్కోనితో అన్నడు: "ఏం కాదురా, మన సారే గదా!" ఊరి పెద్దమనిషి 'ఒరే' కన్నా ఆ మాట నాకు ఎక్కువ గుచ్చుకున్నది. కొట్టేటోనికి దండం పెట్టుడు, కొట్టనోణ్ణి అలుసుగ చూసుడు మన తాతలకు దొరల వాకిట్ల నేర్పిన బుద్ధి. మీరు ఆ బుద్ధితోనే బళ్లో కూచుంటే మనం చదువుకొని ఏం లాభం?

నాకు సెప్టెంబరు 5న పెన్ను వద్దు, పూలదండ వద్దు. లేచి నిలబడి "సార్, అర్థం కాలేదు, మళ్లీ చెప్పుండ్రి" అనండి. అదే నాకు గౌరవం. నేను పాఠం వదిలి ఫోను చూసుకుంట కూచుంటే నన్నూ అడగండి. ఏ టీచరన్నా కులం పేరు తీసి అవమానిస్తే, గౌరవం పేరుతోటి నోరు మూసుకోవద్దు. ఇంట్ల చెప్పండి, సంఘానికి చెప్పండి. పాఠం మాత్రం ఇడిచిపెట్టొద్దు.

బాబాసాహెబును చూడండి. సాతారా బళ్లో గోనెపట్టా మీద విడిగా కూచున్నడు. ప్యూను పోస్తేనే నీళ్లు, లేకుంటే దూప. అయినా చదువు మీద అలగలేదు. బొంబాయిలో కేలూస్కర్ అనే వేరే బడి మాస్టారు, తోటలో చదువుకుంటున్న ఆ పిల్లగాణ్ణి చూసి దగ్గరికి తీసిండు. పరీక్ష పాసైతే తను రాసిన బుద్ధుని చరిత్ర కానుకిచ్చిండు. కాలేజీ చదువు ఆగకుండ బరోడా మహారాజు దగ్గర స్కాలర్‌షిప్ ఇప్పించిండు. మాస్టారు చెయ్యి అందించిండు, నిజమే. కాని ఆ మాస్టారు చూసేనాటికే ఆ పిల్లగాని చేతిలో పుస్తకం ఉన్నది.

మార్చిలో పదోతరగతి పరీక్షలు. ఈ రాత్రి నుంచే ఒక గంట, వచ్చినోళ్లు రానోళ్లకు చెప్పాలె. రానోళ్లు సిగ్గుపడొద్దు. మన ఇండ్లల్ల చెప్పేటోళ్లు లేరు, ట్యూషన్లకు పైసల్లేవు. మనకు మనమే దిక్కు.

'మన సారే గదా' అనుడు మానెయ్యమంటలేను. దాని అర్థం మార్చమంటున్న. మన సారే గదా, భయపడకుండ అడుగుదాం! మన సారే గదా, చదివి చూపిద్దాం!

జై భీమ్!