మేడికాయలో ఎవరుంటారు?

వింత కీటకాలంటే అమెజాన్ అడవులే గుర్తొస్తాయి. అంత దూరం అక్కర్లేదు. నెమలి, తిరువూరు ఊళ్ల వైపు వాగు గట్టున మేడిచెట్టు కనబడితే ఆగండి. మేడికి పూలు కాయ లోపలే ఉంటాయి. నువ్వుగింజంత ఆడ కందిరీగ ఒకటి సన్నటి కంతలోంచి, రెక్కలు ఊడుతున్నా సరే, లోపలికి దూరుతుంది. పుప్పొడి అందించి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. దాని సంతానంలో మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటికి దారి తొలుస్తాయి. ఆడవి పుప్పొడితో ఎగిరి మరో మేడిని వెతుక్కుంటాయి.

"పండు పాడుచేసే పురుగులేగా?" అంటారేమో. మేడిపండు పొట్ట విప్పితే పురుగులేనన్న వేమన పోలిక మన మీద అంత పనిచేసింది మరి! లోపలి పురుగులన్నీ మేలు చేసేవి కావు, నిజమే. కానీ ఈ కందిరీగ రాకపోతే మేడికి గింజ కట్టదు. మేడి లేకపోతే ఈ కందిరీగకు గుడ్లు పెట్టే చోటు ఉండదు. గట్టు మీద చెట్టు కొట్టేస్తే రెండూ పోతాయి.