మంచు దేశములో మూడు దినములు

మంచు అను మాట మన భాషలో ఒక్కటే. ధనుర్మాసమున తెల్లవారుజామున వరిచేలపై పరచుకొను తెల్లని పొరయు మంచే. గడ్డిపోచ కొనను నిలిచిన బిందువును మంచే. హిమవంతుని శిఖరముపై ఉన్నదియు మంచే. లంబసింగిలో చలి సున్నా డిగ్రీలకు దిగినదని చదువవలసి వచ్చినప్పుడు మేము కంఠమున కొంత ఆశ్చర్యమును పలికించుచుందుము. 2019 ఫిబ్రవరిలో కెనడా తూర్పు తీరమందలి నోవాస్కోషియా రాష్ట్రములో ఒక శని ఆదివారములు గడపి వచ్చిన పిదప, ఆ ఆశ్చర్యమును పలికించుటకు మాకు కొంచెము సిగ్గు వేయుచున్నది.

మా బాల్యమిత్రుడొకడు అచట వుల్ఫ్‌విల్ అను చిన్న పట్టణములోని అకాడియా విశ్వవిద్యాలయములో ఉపాధ్యాయుడు. 1838లో బాప్టిస్టులు నెలకొల్పిన విద్యాలయమది. అతని కాపురము మాత్రము పట్టణమునకు వెలుపల, ఆపిలు తోటల నడుమ నున్న ఒక పల్లెలో. హాలిఫాక్స్ నుండి కారులో గంటకు పైగా ప్రయాణము చేసి శుక్రవారము సాయంకాలమునకు చేరితిమి. దారిలో మైనాస్ అఖాతము కనబడెను. ప్రపంచములోకెల్ల ఎత్తుగా లేచు ఆటుపోటులు అక్కడివే. నీరు తీసియున్న వేళ అగుటచేత, ఎఱ్ఱని బురదపై బండెడేసి మంచుగడ్డలు, ఎవరో కొట్టి పడవేసిన రాళ్ళవలె చెదరియుండెను.

కారు దిగి నిలువగానే మాకు తెలిసినది చలి కాదు, నిశ్శబ్దము. కొత్తగా పడిన మంచు గుల్లగా నుండును. దాని సందులలో చొచ్చిన శబ్దము తిరిగి రాదు. స్టూడియో గోడలకు చిల్లుల పలకలు కొట్టించి మేము ఎంతో శ్రమపడి సంపాదించుకొను నిశ్శబ్దము, ఆ పల్లెలో ఆకాశము క్రింద ఊరకనే దొరకినది. మిత్రుడు పిలిచిన పిలుపు పది అడుగుల దూరమునుండి వచ్చినను చెవి ప్రక్కన పలికినట్లుండెను.

శనివారము ఉదయము ఎండ కాసినది. పొరుగున నున్న వృద్ధ రైతు, ఆ ఊరి చర్చికి సంఘపెద్ద, తలుపు తట్టి లోనికి వచ్చి, రాత్రికి తుపాను వచ్చుననియు, ఈలోగా పదునొకండు ఇండ్లు చూచి రావలెననియు, తోడు వత్తురా అనియు అడిగెను. విదేశీయులకు ఊరు చూపింపబోవుచున్నాడని తలచి మేము వెంట బయలుదేరితిమి.

మొదటి రెండు ఇండ్లలో ఆయన చేసిన పని మాకు తెలియలేదు. కూర్చుండెను, కాఫీ త్రాగెను, మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదని అడిగెను, లేచెను. మూడవ ఇంట గాని గమనింపలేదు: మాట ఒకవైపు సాగుచుండగా ఆయన చూపు ద్వారము ప్రక్కన పేర్చిన కట్టెలమీదికి, అల్మరాలోని మందుసీసాలమీదికి పోవుచున్నది. పోవునప్పుడు స్నానపు తొట్టి నిండా నీరు పట్టించి మరీ కదలుచున్నాడు. ఆ తీరమున కొట్టు తుపానులు గల్ఫ్ ప్రవాహపు వెచ్చని తేమగాలియు ఉత్తరపు చలిగాలియు ఎదురుపడగా పుట్టునవి. మంచు పలుమారు తడిసి బరువెక్కి పడును. కొమ్మలు విరిగి తీగలపై కూలును. విద్యుత్తు పోయినచో బావి పంపు ఆగును. పంపు ఆగినచో ఇంట నీరు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్ళిన పిమ్మట విశాఖపట్నములో బిందెలు పట్టుకొని నిలిచినవారము గనుక తొట్టి సంగతి మాకు చెప్పకయే బోధపడినది.

2004 ఫిబ్రవరిలో హాలిఫాక్స్‌లో సుమారు 90 సెంటీమీటర్ల మంచు పడినది. ఆ తుపానులోనే ఈ పల్లెలో ఒక ముసలాయన మెట్లపై జారి కాలు విరిగి, రెండు దినములు ఎవ్వరికిని తెలియక పడియుండెనట. "ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగవది" అని మాత్రము పెద్దమనిషి చెప్పి కారు నడుపుటలో నిమగ్నుడయ్యెను. అప్పటినుండియే ఈ పదునొకండు ఇండ్ల తిరుగుడు. మా మిత్రుడు ఆ సంఘమునకు చెందినవాడు కాడు. అయినను అతని ఇల్లును ఆ లెక్కలో ఒకటి.

చివరి ఇంట ఎనుబది యెనిమిదేండ్ల వృద్ధురాలు ఒంటరిగా నుండెను. "ఈమె పుట్టినది మీ దేశముననే" అని పెద్దమనిషి చెప్పుచుండగనే ఆమె తలుపు తీసి మా ముఖము చూచి,

"ఏటి బాబూ, సలేస్తన్నాదా? లోనికి రండి" అనెను.

మాకు నోట మాట రాలేదు. ఆమె జననము 1930లో, భీమునిపట్నమున. నోవాస్కోషియాకును మన ఉత్తర తీరమునకును ఈ చుట్టరికము పాతదే. 1870లో హన్నా మరియా నారిస్ అను ఉపాధ్యాయిని కాన్సో అను రేవు ఊరిలో స్త్రీల సహాయసంఘమును ప్రారంభించినది. 1873లో ఏడుగురు ఓడ ఎక్కి మొదట బర్మా, సయాము దేశములకు పోయి, 1875లో తెలుగు తీరమునకు మరలిరి. భీమునిపట్నము, బొబ్బిలి, శ్రీకాకుళము మొదలగు చోట్ల బడులు, ఆసుపత్రులు ఆ శాఖవారు నడపినవే. ఈమె తండ్రి ఆ పరంపరలోని వాడు. పదియవ ఏట దేశము విడిచినది. అంతవరకు పెంచినది ఒక జాలరి ఆయా. తండ్రి పుస్తకముల తెలుగు నేర్చినవాడగుటచే కూతురి మాట విని చిరాకు పడెడివాడట.

"నాది మంచి తెలుగు కాదు గదా బాబూ?" అని ఆమె అడిగెను.

ఈ ప్రశ్న మమ్ము అడుగవలసినదే. చలి అనుచోట సలి అనిన పాపమునకు ఎందరి ధ్వనిముద్రణలనో మేము త్రిప్పి పంపియుంటిమి. ఏమి చెప్పుటకును తోచక, కోటు జేబులోని రికార్డరును తీసితిమి. చలికి దాని బ్యాటరీ నిద్రపోయినది. పెద్దమనిషి అప్పటికే కట్టెలు లెక్కించి, పడమట ఆకాశము నల్లబడినదని తొందరచేయుచుండెను.

ఆదివారము తెల్లవారునప్పటికి కిటికీ సగము మూసికొనిపోయెను. రేడియో పెట్టితిమి. ప్రకటనకర్త ఆ దినము ఆరాధన జరుగని చర్చిల పేర్లు చదువుచుండెను; ఊరి పేరు, చర్చి పేరు, రద్దు; ఊరి పేరు, చర్చి పేరు, రద్దు. కంఠములో ఏ అలంకారమును లేదు, తడబాటును లేదు. ఇంత ఉపయోగకరమైన జాబితాను మేము ఇన్నేండ్లలో ఎన్నడైనను చదివితిమా అని తలచుచుండగనే దీపము, రేడియో కలిసి ఆరిపోయెను. మిత్రుని ఇంట వెచ్చదనమంతయు విద్యుత్తుతోనే. మధ్యాహ్నమునకు గోడనున్న ఉష్ణమాపకము పండ్రెండు డిగ్రీలు చూపెను. పిల్లలు పడకనుండి దిగమనిరి.

రెండు గంటలకు పెద్దమనిషి ముందు మంచు తీయు పలుగు తగిలించిన ట్రాక్టరుతో వచ్చెను. మమ్మందరిని తీసికొనిపోయినది ఎచటికో ఊహింపుడు: ఆ వృద్ధురాలి ఇంటికే. ఆ చుట్టుప్రక్కల ఇంకను కట్టెల పొయ్యి ఉంచుకొన్నది ఆమె ఒక్కతెయట. నిన్న మేము క్షేమమరసి వచ్చిన ఇండ్లవారు అప్పటికే ఏడుగురు ఆ వంటగదిలో ఉండిరి. పొయ్యిపై చిక్కుడుగింజల కుండ ఉడుకుచుండెను. పైన కట్టిన త్రాటిపై తడిసిన చేతితొడుగులు ఆవిరులు గ్రక్కుచుండెను.

చీకటి పడబోవునప్పుడు, చర్చి ఎట్లును మూసియున్నది గనుక ఇచ్చటనే ప్రార్థన చేసికొందమని పెద్దమనిషి అనెను. తలకొక మాట చెప్పిరి. ఆమె వంతు రాగా ప్రభువు ప్రార్థనను తెలుగున మొదలుపెట్టెను. ఏబది యేండ్లుగా పొరుగున నున్నవారు తలలెత్తి చూచిరి; ఆమె నోట ఈ భాష వారెన్నడును వినలేదు. నాలుగు మాటలు కాగానే ఆమె ఆగెను. మరచినది. పెదవులు కదలుచున్నవి గాని మాట లేదు.

మేము మిషను హైస్కూలులో చదివినవారము. ఆరేండ్లు ప్రతి ఉదయము బారులు తీరి నిలిచి ఆ ప్రార్థన వల్లించితిమి. అందు శ్రద్ధ ఎంతయో చెప్పజాలము గాని మాట మరువలేదు. తరువాతి మాట అందించితిమి. ఆమె అందుకొనెను. అట్లే తుదివరకు. మేము ఒక తీరున పలుకగా ఆమె తన ఆయా పలికిన తీరుననే పలికెను. పొయ్యిలో కట్టె చిటపటలాడుట తప్ప గదిలో మరి శబ్దము లేదు.

సోమవారము మధ్యాహ్నమునకు మంచు తీయు బండ్లు వచ్చి దారి తెరచినవి. పెద్దమనిషి మరల పదునొకండు ఇండ్లకును బయలుదేరెను. సెలవు తీసికొనుటకు పోయినప్పుడు ఆమె మా చేయి విడువక, "గోస్తనీ సముద్రంలో కలిసే కాడ ఇసక మీద ఆడుకునేదాన్ని బాబూ. ఆ ఇసక అలగే ఉన్నాదా?" అని అడిగెను. మా కాపురము విశాఖపట్నములోనే. భీమిలికి గంట ప్రయాణము. ఎన్నో మారులు ఆ దారిన పోయితిమి గాని ఆ ఇసుక ఎట్లున్నదో చూచిన జ్ఞాపకము లేదు. చూచి వ్రాసెదమని చెప్పితిమి.

ఇల్లు చేరిన తరువాత వచ్చిన మొదటి ఆదివారము భీమిలి బస్సెక్కితిమి.