ఉమ్మడి గొట్టము, ఉమ్మడి బాధ్యత

(ముంబయి తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు పాలమూరు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి ఈ నగరమునకు వచ్చి చాళ్లలో కాపురముండిరి. ఇండ్ల వరుసకంతకు కుళాయి యొక్కటే. అది చెడిన దినమున ఎవ్వరికిని నీరు లేదు గనుక, అందరును కలిసి బాగు చేయించుకొనెడివారు. నేడు మనలో అనేకులము సహకార గృహసంఘముల భవనములలో సొంత ఇండ్లు సంపాదించుకొంటిమి. కుళాయి ఇంటిలోనికి వచ్చినది. గొట్టము గోడలోనికి పోయినది. కంటికి కనబడని గొట్టమునకు బాధ్యులెవరో తెలియక తగవులు పెరుగుచున్నవి.

ఈ విషయమున న్యాయము స్పష్టముగనే యున్నది. మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము 1960 నాటిది. దాని ననుసరించిన మాదిరి నిబంధనావళి ప్రకారము నీటి తొట్లు, పంపులు, బయటి నీటి గొట్టములు, మురుగు గొట్టములు, డాబా, వాననీటి కారుడు సంఘము బాధ్యత. తక్కిన ఇంటిలోపలి మరమ్మతులు ఆ ఇంటివారివి. మూడవ అంతస్తు స్నానపుగది నేల చెడి రెండవ అంతస్తు కప్పు తడిసినచో బాగుచేయించవలసినది మూడవ అంతస్తువారే. అట్లే, డాబాతో తమకు పని లేదని క్రింది అంతస్తువారు చందా మానుటయు చెల్లదు.

లోపమెచ్చటనో ముందు తెలిసికొనవలెను. రాత్రింబవళ్లు చుక్కలు పడుచున్నచో మంచినీటి గొట్టమును అనుమానింపవచ్చును. పైవారు స్నానము చేసిన పిమ్మట మాత్రమే పడినచో నేలయో మురుగు గొట్టమో కారణము. వానలలో మాత్రమే యైనచో గోడనో డాబానో చూడవలెను. సందేహమున్నచో పై స్నానపుగదిలో రంగునీరు పోయించిన నిజము బయటపడును. కార్యదర్శి ముందుగా తెలిపి పరిశీలనకు వచ్చినపుడు తలుపు తీయుట సభ్యుని విధి.

నేను వర్తకుడను గనుక లెక్క చెప్పెదను. మరమ్మతుల నిధికి ఏటేట, స్థలపు వెల కాక, ఇంటి నిర్మాణ వ్యయములో కనీసము 0.75 శాతము చెల్లింపవలెనని ఆ నిబంధనావళి చెప్పుచున్నది. వ్యయము 8 లక్షలైనచో ఏటికి 6,000, నెలకు 500 రూపాయలు. ఇది భారమని తలచువారు కలరు. కాని కారెడి నీరు కప్పులోని ఇనుమునకు తుప్పు పట్టించును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పెచ్చులు రాల్చును. అప్పుడు ఖర్చు లక్షలలో నుండును. క్రింద నున్నవారి ప్రాణములకే ముప్పు వాటిల్లును.

ఇంకొక మాట. మన పొరుగున మరాఠీవారు, గుజరాతీవారు కలరు. నీటి తగవులో భాష పేరెత్తి ఒక్క మాట జారినచో, గొట్టము బాగుపడినను మనస్సులు బాగుపడవు. మనవారిలో పలువురు వ్యాపారమనియు పనులనియు చెప్పి సర్వసభ్య సభకు పోరు. తీర్మానమైన పిమ్మట గొణుగుదురు. ఏటేట సెప్టెంబరు 30 లోపల జరుగవలసిన ఆ సభకు తప్పక పొండు, లెక్కలడుగుడు, సంఘపు పనికి ముందుకు రండు. తరతరములుగా ఈ ఊరి నీరు త్రాగుచున్న మనము దాని మంచిచెడ్డలలోను పాలుపంచుకొనవలెను గదా!

నీరు కారుచున్నచో మొదట దానిని ఆపుడు. ఎవరి వంతు ఎంతయో పిమ్మట కూర్చుండి తేల్చుకొనుడు. ఈ క్రమము పాటించినచో ఇల్లును నిలుచును, ఇరుగుపొరుగును నిలుచును.