దేవుని పద్దు, దొరతనము

దొరతనమునకు మతముతో పొత్తు తగునా యను ప్రశ్నకై దూరదేశముల చరిత్రలు వెదకనక్కరలేదు. గూడూరున తిరుపతి రైలెక్కు యాత్రికుడు చేరు కొండయే చాలును.

1801లో కర్ణాటక రాజ్యముతోపాటు తిరుమల దేవస్థానమును కుంఫిణీవారి చేత చిక్కెను. కానుకలు కలెక్టరు కచేరీ లెక్కల కెక్కి, ఖర్చులు పోగా మిగులు కుంఫిణీ ఖజానాకు పోయెడిది. 1821లో బ్రూసుదొర ఆలయోద్యోగులకు 42 నిబంధనలు వ్రాసిపెట్టెను. గోవిందుని కొలువనివారు గోవిందుని జమాఖర్చు చూచుట వింతయే; అయినను పద్దు నడుగువాడొక్కడుండెను.

ఇంగ్లండులోని క్రైస్తవ ప్రచారకులకు ఇది కంటగింపయ్యెను. విగ్రహారాధనమునకు తమ ప్రభుత్వము కాపుండరాదని వారాందోళన చేయగా, 1843లో కుంఫిణీవారు ఆలయమును హథీరాంజీ మఠాధిపతి సేవాదాసున కప్పగించి తొలగిరి. తమ మనస్సాక్షికై తొలగిరే కాని భక్తుల మేలుకోరి కాదు. పిదప తొంబదియేండ్లు మహంతుల పాలన, వ్యాజ్యములకు కొదువలేదు. 1933లో మదరాసు చట్టముచే కమిటీ యేర్పడి, దొరతనము మరల కొండ యెక్కెను.

ఎక్కినది సరే, దాని చేయి ఎంతవరకు పోవచ్చును? రాజ్యాంగము 27వ అధికరణము ఒక మతమును పోషించుటకై పన్ను వసూలు కూడదనుచున్నది. 25వ అధికరణము మతముతో ముడిపడిన ఆర్థికవ్యవహారములను క్రమపరచ నధికార మిచ్చుచున్నది. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీముకోర్టు గీత గీచెను: ఏ వేళ ఏ నైవేద్యమన్నది మతము, దానికగు ఖర్చు పరిమాణము ఆస్తినిర్వహణము. కరణపు లెక్కలో ఇవి రెండు పద్దులు; మడపల్లిలో బియ్యము కొలుచువానికి రెండును ఒక్క మానికలోనే యున్నవి.