ఆకాశం మీద మోపిన నేరం

నేడు పట్టా అందుకుంటున్నవారిలో చాలామంది నీటిపారుదల, భూగర్భజల, నగర ప్రణాళికా రంగాలలో చేరబోతున్నారు. అందువల్ల ఈ ప్రసంగం వారు రేపటి నుంచి సంతకాలు పెట్టబోయే ఒక లెక్కకు, అంటే నదీ పరీవాహక ప్రాంతంలో ఏటా ఎంత మంచినీరు దొరుకుతుందో తేల్చే లెక్కకు, పరిమితమవుతుంది.

వాననీరు ఏ నేల మీదుగా జారి ఒక నదిలోకి, దాని ఉపనదుల్లోకి చేరుతుందో ఆ నేలనంతా కలిపి పరీవాహక ప్రాంతం అంటారు. కృష్ణా నదికి ఇది మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో సుమారు 2.59 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉంది. ఇక్కడ కురిసిన వానలో అధికభాగం నది ముఖం కూడా చూడదు. నేల పొరల్లో తేమగా నిలిచి, చెట్టూ పైరూ పీల్చుకోగా ఆకుల నుంచి ఆవిరైపోయే ఈ భాగానికి స్వీడన్ జలశాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ 1990లలో ‘హరిత జలం’ అని పేరు పెట్టారు. వాగుల్లో, చెరువుల్లో, భూగర్భ పొరల్లో చేరి కొలవడానికీ పంచుకోవడానికీ వీలైన మిగతా భాగానికి ‘నీలి జలం’ అన్న పేరు స్థిరపడింది. ట్రిబ్యునళ్లు పంచేదీ, రాష్ట్రాలు పోట్లాడుకునేదీ నీలి జలాన్నే అయినా, పోట్లాడుకోవడానికి అసలు ఎంత మిగలాలో ముందుగా తేల్చేది ఎగువన ఉన్న నేల.

వాతావరణ మార్పు హరిత, నీలి జలాల ఈ పంపకాన్ని రెండు వైపుల నుంచీ కదిలిస్తుంది. ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కిన గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి కురిసేటప్పుడు కుండపోతగా కురుస్తుంది, కురవని రోజుల్లో అదే వేడి నేల తేమనూ జలాశయాల నీటినీ త్వరగా లాగేస్తుంది. అందువల్ల ఏడాది మొత్తం వర్షపాతం మారకపోయినా అది అందుబాటులోకి వచ్చే తీరు మారిపోతుంది. ఇటువంటి విపరీతం ఎలా ఉంటుందో 2009 చూపించింది. ఆ ఏటి నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద సగటుకు 22 శాతం లోటుతో సెప్టెంబరు ఆఖరున ముగియగా, అక్టోబరు 2న కృష్ణ మీది శ్రీశైలం జలాశయంలోకి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది, కర్నూలు నగరం మునిగింది. కరవు ఫైలు, వరద ఫైలు ఒకే వారంలో ఒకే బల్ల మీదికి చేరిన సందర్భమది.

ఇటువంటి నదికి, దాని నీటిని రాష్ట్రాల మధ్య పంచడానికి ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లు అంతకు తగ్గకుండా దొరుకుతుందన్న లెక్కతో, 2,060 టీఎంసీలు నిర్ధారించింది. దానికి ఆధారం 1894–95 నుంచి 1971–72 వరకు ఉన్న ప్రవాహాల పట్టిక. ఆ తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961–62 నుంచి 2007–08 వరకు ఉన్న మరో పట్టికను తీసుకుంది. రెండు పట్టికలూ నిన్నటివే, రెండింటి వెనుకా రేపు కూడా నిన్నటిలాగే నడుస్తుందన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి కాలం చెల్లిందని మిల్లీ, మరికొందరు శాస్త్రవేత్తలు 2008లోనే ‘సైన్స్’ పత్రికలో రాశారు. కార్యాలయాల్లో మాత్రం దాని ఆరోగ్యం నిక్షేపంగా ఉంది.

అయితే ఈ ప్రసంగకర్తను ఉద్యోగకాలమంతా వెంటాడిన బెంగ వేరు. వాతావరణ మార్పు అన్న మాట జనం నోట్లో నానిన నాటి నుంచి, నేల మీద మనుషులు చేసిన ప్రతి పనికీ ఆకాశాన్ని ముద్దాయిగా నిలబెట్టడం సులువైపోయింది. ఎండిన చెరువుకూ అదే కారణం, మునిగిన కాలనీకీ అదే కారణం. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే మూసీ చాలు.

అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డున పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ చిన్న ఉపనది 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచెత్తినప్పుడు, కారణాలు వెతకడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన 788 చెరువులు ఉన్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తేల్చారు. ఆయన సలహా మేరకు కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి, వరదకు అడ్డుకట్టగానూ దాహానికి ఆధారంగానూ దశాబ్దాల పాటు పనిచేశాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111వ జీవో వచ్చింది, ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో 69వ జీవో వచ్చింది. ఈ రెండు జీవోల నడుమ ఎగువన ఏమి జరిగిందన్నదే గమనించవలసిన విషయం. హిమాయత్‌సాగర్ పరీవాహకాన్ని పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం, వానలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేకపోయినా జలాశయంలోకి వచ్చే ప్రవాహం తగ్గిందనీ, బోర్ల తోడకం, నీటిని నిలిపే కట్టడాలు, భూ వినియోగంలో వచ్చిన మార్పు అందుకు కారణాలనీ తేల్చింది. బోర్లు భూగర్భ నీటిమట్టాన్ని వాగు అడుగుకన్నా కిందికి దించితే, వానలేని రోజుల్లో నేల లోపలి నుంచి వాగులోకి ఊరే నీరు, అంటే ఊట ప్రవాహం, ఆగిపోతుంది. ఆ తర్వాత పడిన మొదటి వానలన్నీ ఎండిన వాగు దాహానికే సరిపోతాయి. ఎగువ రైతు తన పొలంలో పడిన నీటిని నిలుపుకోవడం నేరమేమీ కాదు. ఆ నీటిని దిగువ లెక్కలోంచి ఎవరూ కొట్టివేయకపోవడమే తప్పు. అదే లోయలో దిగువన, నగరంలో చెరువుల శిఖం భూములూ, అంటే నీరు నిలిచే అడుగు భూములూ, నాలాలూ ప్లాట్లుగా మారిన చోట, 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి బస్తీలు మునిగాయి. ఆనాటి వాన అసాధారణమైనదే, కానీ నీళ్లు వెళ్లవలసిన దారిలో ఇళ్లు కట్టింది వాన కాదు.

చెరువుకు ఎంత నీరు వస్తుందో అంచనా వేయడానికి ఇంజినీర్లు నేటికీ వాడే సాధనాల్లో 1892 నాటి స్ట్రేంజ్ పట్టిక ఒకటి. అందులో పరీవాహకాలు మూడు తరగతులు: మంచిది, మధ్యస్థం, చెడ్డది. ఈ ప్రసంగకర్త నల్లగొండ ప్రాంతంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక చెరువు మరమ్మతు ఫైలు బల్ల మీదికి వచ్చింది. అంతకుముందున్న ఫైలులోని ‘మధ్యస్థం’ అన్న మాట అందులోకి యథాతథంగా దిగింది, లెక్క ప్రకారం చెరువు నిండుతోంది. కట్ట మీదికి వెళ్లి చూస్తే తూము దగ్గర మేకలు మేస్తున్నాయి, అలుగు రాళ్ల సందుల్లో తుమ్మ మొక్కలు మొలిచాయి. తూములు చూసే లస్కరు ఎగువకు చేయి చాపి, “వాన తక్వై కాదు సారూ, నీళ్లొచ్చే తొవ్వ పోయింది. మీ కాయితంల ఉన్న గుట్టను కంకర మిషను తిన్నది” అన్నాడు. కొలబద్ద తప్ప మరో పరికరం చేతిలో లేని ఆ మనిషి ఒక్క మాటలో చెప్పినదాన్ని ప్రభుత్వ ఫైలులో రాయించడానికి రెండు బదిలీల కాలం పట్టింది. పట్టికలో గుట్టకు గడి లేదన్నది పై అధికారి అభ్యంతరం.

హైదరాబాద్ తాగునీటి కథ ఇంకా విచిత్రమైనది. ఇంటి పక్కనున్న మూసీ చాలక నగరం కృష్ణ మీది నాగార్జునసాగర్ నీటిని మూడు దశల పథకంతో ఏటా 16.5 టీఎంసీల మేర తెచ్చుకుంటోంది. బచావత్ తీర్పు ప్రకారం తాగునీటికి మళ్లించినదానిలో 20 శాతాన్నే వినియోగంగా లెక్కిస్తారు, మిగతా 80 శాతం నదికి తిరిగి వస్తుందని ఆ లెక్కలోని భావన. నిజంగానే తిరిగి వస్తోంది: మురుగై మూసీలో దిగి, దారిలో పశువుల మేతకు పెంచే పారాగడ్డినీ వరినీ తడిపి, సాగర్‌కు దిగువన కృష్ణలో కలుస్తోంది. టీఎంసీల లెక్కకు ఏ లోటూ లేదు, ఎందుకంటే ఆ లెక్కకు ముక్కు లేదు.

నేటి పట్టభద్రుల విద్య ముందు తరాలకన్నా మెరుగైనదని ఒప్పుకోవలసిందే. ఉపగ్రహ చిత్రం తెరిచి అడవి ఎంత తగ్గింది, కాంక్రీటు ఎంత పెరిగింది అన్నది టీ చల్లారేలోగా చెప్పగలరు. వాగు దాటమంటే మాత్రం బూట్లు చూసుకుంటారు. నమూనాకు పేరు పెట్టడానికి వారం ఆలోచించే ఈ బిడ్డలు, అందులో వేసిన ప్రవాహ గుణకం, అంటే పడిన వానలో ఎన్నో వంతు పారుతుందో చెప్పే అంకె, ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే సీనియర్ ఇచ్చిన ఎక్సెల్ ఫైలు వైపు చూపిస్తారు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. ఇంత చురుకైన పిల్లలు లస్కరుకు తెలిసినది తెలియకుండానే పదవీ విరమణ చేస్తారేమోనన్న దిగులుతో అంటున్నది.

వాతావరణాన్ని చక్కదిద్దడం ఒక జిల్లా కార్యాలయం వల్ల అయ్యే పని కాదు, కానీ నేలను గురించిన అనుమతులు చాలావరకు అటువంటి కార్యాలయాల్లోనే సంతకమవుతాయి. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చే దరఖాస్తులో సర్వే నంబరు, విస్తీర్ణం, రుసుము ఉంటాయి. ఆ మార్పు వల్ల దిగువ చెరువుకు ఎంత నీరు తగ్గుతుందో, ఎంత వరద పెరుగుతుందో తేల్చి రాసే పని కూడా ఆ ఫైలులో తప్పనిసరి కావాలి. ప్రభుత్వం అడిగేదాకా ఆగకుండా, ఆ లెక్కను మొదట ఫైలు నోటులో రాయడం మొదలుపెట్టవలసినవారు ఈ పందిరి కిందే కూర్చుని ఉన్నారు. అంతకన్నా ముందు, ఉద్యోగ ఉత్తర్వు చేతికి వచ్చేలోగా, ప్రతి ఒక్కరూ సొంత ఊరి చెరువు అలుగు చివరిసారి ఏ ఏట పారిందో పెద్దలను అడిగి, ఆ ఏటి వర్షపాతం పక్కన రాసుకుని, ఆ తర్వాత అంతే వాన పడిన ఏళ్లలో ఎందుకు పారలేదో కాలువ వెంట నడిచి తెలుసుకోవాలని కోరిక.